విమానాశ్రయం ఎవరి సొత్తు?

ఎగరాలన్న కోరిక మనిషికి ఈనాటిది కాదు. రామాయణంలో పుష్పక విమానం ఉన్నది. మన పల్లెల్లో అవ్వలు చెప్పే కథల్లో కీలుగుర్రం ఉన్నది. గాలి సులేమాన్ ప్రవక్త ఆజ్ఞకు లోబడి నడిచినదని ఖురాన్ షరీఫ్ చెబుతున్నది. తొమ్మిదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కార్డోబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు రెక్కలు కట్టుకొని గాలిలో తేలడానికి ప్రయత్నించినట్లు చరిత్రకారులు వ్రాసినారు. చివరకు 1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు ఇంజను అమర్చిన విమానంలో ఎగిరి ఆ కలను నిజం చేసినారు. అల్లామా ఇక్బాల్ తన కవిత్వంలో యువకులకు డేగను ఆదర్శంగా నిలిపిన సంగతి మన ఉర్దూ శాఖ విద్యార్థులకు తెలిసినదే. అయితే డేగకు రెక్కలుంటే చాలును. మనిషికి రెక్కలతో పాటు నేల కూడా కావలెను. ఆ నేలనే మనం తెలుగులో విమానాశ్రయమనీ, ఉర్దూలో హవాయీ అడ్డా అనీ పిలుచుకొంటున్నాము.

గత కొంతకాలంగా మన ఉత్తర తెలంగాణలో ఈ మాట తరచుగా వినిపిస్తున్నది. వరంగల్లు సమీపంలోని మామ్నూరుకు, ఆదిలాబాదుకు, పెద్దపల్లి ప్రాంతానికి విమానాశ్రయాలు రానున్నాయని పత్రికలు వ్రాస్తున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని చర్చ అంతా విమానం ఎప్పుడు దిగుతుంది, టికెట్టు ఎంత అన్న రెండు ప్రశ్నల చుట్టే తిరుగుతున్నది. మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ విమానాశ్రయం ఎవరి సొత్తుగా ఉంటుంది, ఎవరికి ఏమి నేర్పుతుంది? ప్రజల అధీనంలో ఉండి, ప్రక్కన ఒక బడి ఉన్న విమానాశ్రయమే నిలిచి ఎదుగుతుందని మా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి మన చరిత్రలోనే ఆధారాలున్నవి.

మన జిల్లాల వారికి విమానమంటే ఏమిటి?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో సామాన్యునికి విమానమంటే గల్ఫ్ ప్రయాణం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుండి వేలాది యువకులు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ అరేబియా వెళ్ళినారు. మొదట బొంబాయి దాకా రైలులోనో బస్సులోనో పోయి అక్కడ విమానమెక్కేవారు. తరువాత హైదరాబాదు నుండే వెళ్ళసాగినారు. ఈ ప్రయాణాలు ఎన్నో ఇండ్లకు పెంకుల మీద స్లాబు తెచ్చినవి, చెల్లెళ్ళకు పెండ్లిళ్ళు చేసినవి. అప్పుల పాలైన కుటుంబాలూ ఉన్నవి. బ్రతుకుతెరువు కొరకు పోయిన బిడ్డ పెట్టెలో తిరిగి రాగా, శంషాబాదు నుండి అంబులెన్సులో ఊరికి తెచ్చుకొన్న తల్లిదండ్రులు ఏ మండలంలోనైనా కనిపిస్తారు.

కాబట్టి మన ప్రాంతపు బిడ్డ విమానాశ్రయంలో అడుగుపెట్టేది చాలావరకు ప్రయాణికుడుగానే, అదీ తన ఊరిని విడిచిపోయే ప్రయాణికుడుగానే. ఆ విమానాన్ని నడిపేవాడు ఎవరు, దాని ఇంజను విప్పి బిగించేవాడు ఎవరు, గోపురంలో కూర్చుండి దానికి దారి చూపేవాడు ఎవరు అని ఆలోచించే అవకాశమే అతనికి కలుగలేదు. ఎడారి ఎండలో ఇనుప చువ్వలు మోసిన చేతులకు తెలివితేటలు తక్కువ కాలేదు. ఆ తెలివికి తగిన బడి తన జిల్లాలో లేకపోయినది, అంతే. మన ప్రాంతానికి రాబోయే విమానాశ్రయం ఈ లోటును తీర్చకపోతే, గల్ఫుకు పోయే దారి నూరు మైళ్ళు దగ్గర కావడం తప్ప మనకు కలిగే మేలు స్వల్పమే అవుతుంది.

టికెట్టు లేని విమానయానం

విమానయానమంటే టికెట్టు కొని ఎక్కే పెద్ద విమానాలేనని చాలామంది అనుకొంటారు. నిజానికి వేళాపట్టిక ప్రకారం నడిచే ఎయిర్‌లైన్స్ సర్వీసులు, సైనిక విమానాలు పోగా మిగిలినదంతా వేరే ఒక లోకం. దీనిని సాధారణ విమానయానమని, జనరల్ ఏవియేషనని అంటారు. పైలట్ శిక్షణ, రోగులను తరలించే ఎయిర్ అంబులెన్సు, భూముల సర్వే, పంటలపై మందు చల్లడం, వ్యాపారస్థుల సొంత విమానాలు, వరదలలో చిక్కినవారికి ఆహారం చేరవేసే హెలికాప్టర్లు అన్నీ ఇందులోనివే.

ఈ లోకానికి పాలరాతి భవనాలు అవసరం లేదు. శిక్షణకు వాడే రెండు సీట్ల, నాలుగు సీట్ల చిన్న విమానానికి కిలోమీటరుకు లోబడిన రన్‌వే కూడా సరిపోతుంది. ఒక షెడ్డు, ఒక వర్క్‌షాపు, ఇంధనపు ట్యాంకు, గాలి దిశను చూపే గుడ్డగొట్టం, రేడియో ఉంటే పని మొదలవుతుంది. పెద్ద విమానాశ్రయాన్ని మహావృక్షమనుకొంటే ఇది నారుమడి వంటిది. నారు పోయకుండా నాట్లు వేయడం ఎవరి తరము కాదని రైతుబిడ్డలైన మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

బేగంపేట చెప్పే కథ

హైదరాబాదు రాజ్యానికి విమానాలతో సంబంధం చాలా పాతది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే, 1918లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ధనసహాయంతో బ్రిటిష్ వాయుసేనలోని ఒక దళానికి విమానాలు సమకూడినవి. ఆ 110వ దళానికి హైదరాబాదు పేరే పెట్టినారు. కాని ఆ విమానాలు ఎగిరినది ఐరోపా ఖండంలో. హైదరాబాదు బిడ్డలకు వాటివలన ఒరిగినది ఏమీ లేదు. పేరు మనది, విద్య పరులది అయినది.

అసలు మార్పు 1930 దశకంలో వచ్చినది. బాబర్ మీర్జా వంటి ఉత్సాహవంతుల కృషితో హైదరాబాదులో ఏరో క్లబ్బు ఏర్పడినది. బేగంపేటలో విమానాలు దిగే మైదానం సిద్ధమైనది. 1937లో టెర్మినల్ భవనం వచ్చినది. ఇక్కడ మనం గమనించవలసిన విషయమేమంటే, బేగంపేట పుట్టుకలోనే క్లబ్బు ఉన్నది, అంటే ఎగరడం నేర్చుకొనే చోటు ఉన్నది. టికెట్టు కిటికీ ఆ తరువాత వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలోనే ప్రాథమిక పైలట్ శిక్షణ పాఠశాల నడిచినది. టైగర్‌మాత్ అనే రెండు రెక్కల చిన్న విమానాలపై ఎందరో యువకులు అక్కడ తొలి పాఠాలు నేర్చుకొని భారత వాయుసేనలో చేరినారు.

శిక్షణ ఉన్నచోటికి సంస్థ వెదుక్కొంటూ వచ్చినది. హైదరాబాదు ప్రభుత్వం, టాటా వారు కలసి 1945లో డక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించినారు. 1946 నుండి ఆ సంస్థ డకోటా విమానాలు బేగంపేట కేంద్రంగా నడిచినవి. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరుపొందిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఈ సంస్థయే. 1947లో ఆమె లైసెన్సు పొందిన తరువాత, స్త్రీ అన్న కారణంతో ఇతర సంస్థలు తలుపులు మూయగా, మన దక్కను సంస్థ తలుపు తెరచినది. 1949లో ఆమె జాతీయ విమానపు పందెంలో నెగ్గి ఆ నిర్ణయం సరియైనదని నిరూపించినది. 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చి డక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ప్రైవేటు సంస్థలన్నీ జాతీయమైనవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడినది.

సంస్థ పేరు మారినా బేగంపేట ఎదుగుదల ఆగలేదు. 1972లో దక్షిణపు వైపున కొత్త టెర్మినల్ వచ్చినది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి కేంద్ర శిక్షణ సంస్థ హైదరాబాదులోనే నెలకొన్నది. దుండిగల్‌లో వాయుసేన అకాడమీ వెలసినది. పాత ఫ్లయింగ్ క్లబ్బు వారసత్వం ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా, 2014 తరువాత తెలంగాణ అకాడమీగా కొనసాగినది. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు బేగంపేటకు టికెట్టు ప్రయాణికులు రావడం ఆగిపోయినది. ఇక బేగంపేట పని అయిపోయినదని అనుకొన్నవారున్నారు. అది జరుగలేదు. శిక్షణ విమానాలు, ప్రభుత్వ హెలికాప్టర్లు, ప్రైవేటు విమానాలు, వాయుసేన విమానాలు అక్కడ దిగుతూనే ఉన్నవి. రెండేండ్లకొకసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన అక్కడే జరుగుతున్నది. పెద్ద విమానాలు పోయినా అది బ్రతికినది. కారణం, దాని వేళ్ళు చిన్న విమానాలలో ఉన్నవి.

ఈ సందర్భంలో ఒక పేరు చెప్పక తప్పదు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ కార్మికుని ఇంట పుట్టిన సయ్యదా సల్వా ఫాతిమా ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో శిక్షణ పొంది 2013లో వాణిజ్య పైలట్ లైసెన్సు సంపాదించినది. దాతలు, ప్రభుత్వం ఆమె ఖర్చును భరించినారు. ఆమె ప్రతిభను ఎవరూ కాదనరు. అయితే ఆమె ఇంటికి కొద్ది మైళ్ళ దూరంలో ప్రభుత్వ శిక్షణాలయం ఉండడం కూడా ఆ విజయంలో ఒక భాగమే. అంతే తెలివి గల బాలిక కోరుట్లలోనో కాగజ్‌నగర్‌లోనో పుట్టి ఉంటే ఏమయ్యేదో మన తల్లిదండ్రులు ఆలోచించవలెను.

బసంత్‌నగర్ చెప్పే కథ

ఇక మన జిల్లాల సంగతి చూతము. రాజీవ్ రహదారిపై పెద్దపల్లి, రామగుండం మధ్య బసంత్‌నగర్ ఉన్నది. అక్కడి కేశోరాం సిమెంటు కర్మాగారం వారు తమ అవసరం కొరకు ఒక రన్‌వే నిర్మించుకొన్నారు. చుట్టూ సింగరేణి బొగ్గుగనులు, ఎరువుల కర్మాగారం, 1978లో పునాదిరాయి పడిన రామగుండం ఎన్‌టిపిసి విద్యుత్ కేంద్రం ఉండడంతో ఆ రన్‌వేకు మంచి రోజులు వచ్చినవి. 1981లో ఏర్పడిన వాయుదూత్ అనే ప్రభుత్వ సంస్థ చిన్న పట్టణాలకు చిన్న విమానాలు నడిపినది. ఆ దశకంలో బసంత్‌నగర్‌కు కూడా వాయుదూత్ వచ్చిపోయినది. కరీంనగర్ జిల్లా ఆకాశంలో కూడా ఒక బస్సుదారి ఏర్పడినదని జనం సంబరపడినారు.

ఆ సంబరం ఎంతోకాలం నిలువలేదు. వాయుదూత్ నష్టాలలో కూరుకొనిపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. విమానాలు ఆగినవి. రన్‌వే మీద గడ్డి మొలిచినది. బేగంపేటకు పెద్ద విమానాలు ఆగిపోయినా అది నిలిచినది, బసంత్‌నగర్ ఎందుకు నిలువలేదు? అక్కడ ఫ్లయింగ్ క్లబ్బు లేదు. మెకానిక్ పాఠశాల లేదు. పట్టణానికి గాని జిల్లా పరిషత్తుకు గాని దానిలో భాగం లేదు. కర్మాగారానికి అవసరమున్నంతవరకు కర్మాగారం దానిని చూచుకొన్నది, వాయుదూత్‌కు ఓపిక ఉన్నంతవరకు వాయుదూత్ వచ్చినది. మనదని చెప్పుకొని కాపాడే చేయి ఒక్కటీ లేకపోయినది. ఊరుమ్మడి చెరువుకు ప్రతి యేటా పూడిక తీసేవారు లేకపోతే అది చెరువుగా మిగలదు గదా!

ఆదిలాబాదు కథ మరొక విధమైనది. అక్కడ నిజాం కాలం నాటి విమాన మైదానం ఉన్నది. అది వాయుసేన అధీనంలో 350 ఎకరాలకు పైబడిన భూమి. ఆదిలాబాదు నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. నాగపూరు అంతకంటె దగ్గర. 1949లో దేశమంతటి రాత్రి తపాలా విమానాలు నాలుగు దిక్కులనుండి వచ్చి నాగపూరులో కలుసుకొని ఉత్తరాల సంచులు మార్చుకొని తిరిగిపోయేవి. ఆ వెలుగు అంత సమీపంలో ఉండగా ఆదిలాబాదు మైదానం దశాబ్దాల తరబడి పశువులు మేసే బీడుగా పడి ఉన్నది. మామ్నూరుది కూడా ఇంచుమించు ఇదే దశ. నిజాం కాలంలో మిల్లులకు, రాజ్యానికి ఉపయోగపడిన ఆ విశాలమైన మైదానం క్రమంగా మూలపడినది.

ఇప్పుడు మళ్ళీ కదలిక వచ్చినది. రాష్ట్రంలో ఆరు చోట్ల విమానాశ్రయాలు నెలకొల్పడానికి జరిగిన పరిశీలనలో బసంత్‌నగర్, ఆదిలాబాద్, మామ్నూరు పాత మైదానాలుగా, జక్రాన్‌పల్లి, దేవరకద్ర, కొత్తగూడెం కొత్త స్థలాలుగా చేరినవి. 2025 ఫిబ్రవరిలో మామ్నూరుకు కేంద్రం అనుమతి లభించినది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆదిలాబాదు మైదానంలో పౌర విమానాలకు కూడా చోటివ్వడానికి వాయుసేన అంగీకరించినది. బసంత్‌నగర్‌కు బదులు అంతర్గాం మండలంలోని స్థలం పరిశీలనకు వచ్చినది. అంటే ఇది ప్రణాళికలు కాగితాల మీద గీసే సమయం. గీత పడకముందు చెప్పిన మాటకు ఉన్న విలువ, సిమెంటు పోసిన తరువాత చెప్పిన మాటకు ఉండదు.

ఒక డాలరు కథ

పట్టణం తన విమానాశ్రయాన్ని తన సొత్తుగా చేసుకొంటే ఏమి జరుగుతుందో తెలుసుకొనడానికి అమెరికా నుండి ఒక ఉదాహరణ తీసుకొందాము. లాస్ ఏంజెలెస్ నగరపు ఉత్తర భాగంలో వాన్ నైస్ అనే విమానాశ్రయం ఉన్నది. అది 1928 డిసెంబరు 17న, రైట్ సోదరులు ఎగిరిన దినానికి సరిగా ఇరువది అయిదేండ్లకు, పొలాల నడుమ ప్రారంభమైనది. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యం దానిని తీసుకొన్నది. యుద్ధం ముగిసిన పిదప, 1949లో, లాస్ ఏంజెలెస్ నగరం ఒక్క డాలరు చెల్లించి దానిని కొనుక్కొన్నది. జాతీయ గార్డు దళానికి చోటు ఉంచవలెనన్నది షరతు.

ఆ నగరానికి పెద్ద విమానాలు దిగే మరొక విమానాశ్రయం ఉండనే ఉన్నది. అయినా ఈ చిన్నదానిని చిన్నచూపు చూడలేదు. వాన్ నైస్‌లో టికెట్టు ఎయిర్‌లైన్స్ లేవు. శిక్షణ విమానాలు, ప్రైవేటు విమానాలు, అగ్నిమాపక హెలికాప్టర్లు, మరమ్మతు షెడ్లు ఉన్నవి. ఇంతతోనే అది ప్రపంచంలో అత్యంత రద్దీ గల సాధారణ విమానాశ్రయాలలో ఒకటైనది. నగర పాఠశాలల బోర్డు వారు ఆ ఆవరణలోనే విమాన మెకానిక్కులను తయారుచేసే వృత్తివిద్యాకేంద్రం నడుపుతున్నారు. పగలు కూలిపని చేసుకొనేవాడు కూడా స్వల్ప రుసుముతో అక్కడ చేరి లైసెన్సు పరీక్షకు సిద్ధం కావచ్చును. ఒక్క డాలరుకు కొన్న భూమి తరతరాల పిల్లలకు బ్రతుకుతెరువు చూపినది.

వాన్ నైస్‌కు కష్టాలు లేవని మేము అనడం లేదు. పొలాలు పోయి ఇండ్లు వచ్చినవి. చప్పుడు భరింపలేమని నివాసులు పోరాడినారు. రాత్రివేళ విమానాలపై ఆంక్షలు పెట్టవలసి వచ్చినది. బేగంపేట చుట్టూ కూడా ఇండ్లు ప్రహరీగోడ దాకా వచ్చినవి గదా! అయితే సొంతదారు నగరమే అయినందువలన అక్కడ పౌరుడు తన గోడు చెప్పుకొనడానికి ఒక సభ ఉన్నది, ఓటు వేసి ఎన్నుకొన్న ప్రతినిధి ఉన్నాడు. సొత్తు మనదైతే దాని బాగోగులూ తగవులూ మన చేతిలోనే ఉంటవి.

కొన్ని ఆక్షేపణలు

మొదట రైళ్ళు, బస్సులు బాగుచేయకుండా విమానాలెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నయే. కరీంనగర్ వాసి రైలు కొరకు ఎన్ని దశాబ్దాలు ఎదురుచూచినాడో మనకు తెలుసు. అయితే మేము కోరుతున్నది ధనికుల ప్రయాణ సౌఖ్యం కాదు. ఆదిలాబాదు అడవి పల్లెల్లో పాముకాటుకో ప్రసవ కష్టానికో గురియైన గోండు, కోలాము తల్లిని హైదరాబాదు చేర్చడానికి 300 కిలోమీటర్ల రోడ్డు ఎంత దూరమో అక్కడి వైద్యులను అడిగితే తెలుస్తుంది. ఒక చిన్న విమానం ఆ దూరాన్ని గంట, గంటన్నరకు తగ్గిస్తుంది.

భూమి పోగొట్టుకొనే రైతు సంగతి ఏమిటన్నది రెండవ ఆక్షేపణ. ఇది మరింత బరువైనది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులకు, విద్యుత్ కేంద్రాలకు, ప్రాజెక్టులకు భూములిచ్చిన ఊళ్ళు మన జిల్లాలలో ఎన్నో ఉన్నవి. పరిహారం కొరకు కార్యాలయాల చుట్టూ తిరిగి అలసినవారి సంఖ్య తక్కువ కాదు. 2013 నాటి భూసేకరణ చట్టం పరిహారంతో పాటు పునరావాసం కూడా హక్కుగా ఇచ్చినది. మొదట పాత మైదానాల భూమిని పూర్తిగా వాడుకోవలెను. చాలకపోతేనే కొత్త భూమి తీసుకోవలెను. తీసుకొన్న భూమికి ముందుగా డబ్బు చెల్లించి, ఆ ఇంటి బిడ్డకు శిక్షణాలయంలో మొదటి సీటు ఇవ్వవలెను. తండ్రి దుక్కి దున్నిన నేలమీద కొడుకు కాపలాదారుగా మాత్రమే మిగిలితే అది అభివృద్ధి కాజాలదు.

ఈ చదువు బీదవారికి అందనిదన్నది మూడవ మాట. నిజమే, పైలట్ శిక్షణకు నలభై, యాభై లక్షల రూపాయలు ఖర్చవుతున్నవి. వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగరవలసి ఉన్నది, ప్రతి గంటకూ ఇంధనం ఖర్చు ఉన్నది. అందువలననే ప్రభుత్వ శిక్షణాలయం, ఉపకార వేతనం అవసరమని మేము వాదిస్తున్నాము. పైగా విమానయానమంటే పైలట్ ఒక్కడే కాదు. ఒక్క విమానం ఎగరాలంటే నేలమీద ఎందరో పనిచేయవలెను. నిర్వహణ ఇంజనీరు, మెకానిక్కు, రాకపోకలను నియంత్రించే అధికారి, వాతావరణ నిపుణుడు, అగ్నిమాపక సిబ్బంది ఇందరున్నారు. వీటిలో చాలా చదువులు మామూలు ఇంజనీరింగు చదువుకన్న ఖరీదైనవి కావు.

మన కళాశాల కర్తవ్యం

విద్యార్థినీ విద్యార్థులారా, ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివినవారికి విమాన నిర్వహణ ఇంజనీరింగు తలుపు తెరచి ఉన్నది. అదే రెండు పాఠ్యాంశాలతో బి.ఎస్‌సి. ముగించినవారు విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగాల పరీక్ష వ్రాయవచ్చును. ఈ సంగతి తెలియకనే ఎందరో బి.ఎస్‌సి. పట్టభద్రులు పాస్‌పోర్టు చేతబట్టుకొని ఏజెంటు ఇంటిముందు కూర్చుంటున్నారు.

ఇంగ్లీషు రాదన్న భయం మనలో చాలామందికి ఉన్నది. ఆకాశంలో మాటలాడే భాష ఇంగ్లీషే. అంతర్జాతీయ నియమం ప్రకారం పైలట్లు, నియంత్రణాధికారులు ఆ భాషలో నాలుగవ స్థాయి నైపుణ్యం చూపవలసి ఉన్నది. కాని ఇది కావ్యభాష కాదు. స్పష్టంగా వినడం, స్పష్టంగా పలకడం, అంతే. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాన్ని ఉర్దూలో బోధించినారు. ఆ పాఠాల కొరకు అనువాదశాల వారు వేల శాస్త్రపదాలను సృష్టించినారు. శాస్త్రం ఏ భాషలో మొదలుపెట్టినా తలకెక్కుతుందని ఆ ప్రయోగం నిరూపించినది. ఉర్దూలోనో తెలుగులోనో న్యూటన్ సూత్రం అర్థం చేసుకొన్న విద్యార్థికి రెండేండ్ల శ్రమతో పని ఇంగ్లీషు రాకపోదు.

కళాశాల కమిటీ వారికి మేము సవినయంగా అయిదు సూచనలు చేస్తున్నాము. గ్రంథాలయంలో విమానయాన పరీక్షల పుస్తకాలకు ఒక బీరువా కేటాయించవలెను. ఆ ఉద్యోగ ప్రకటనలను తెలుగులోను ఉర్దూలోను నోటీసుబోర్డుపై పెట్టవలెను. ప్రతి సంవత్సరం సైన్సు విద్యార్థులను, ముఖ్యంగా బాలికలను, బేగంపేటకు తీసుకొనిపోయి శిక్షణ విమానాన్ని చేతితో తాకి చూచే అవకాశం కల్పించవలెను. సాయంకాలపు వేళ మాటలాడే ఇంగ్లీషు తరగతి ఒకటి నడపవలెను. వీటికి పెద్ద నిధులు అవసరం లేదు, పట్టుదల చాలును.

అయిదవ సూచన అన్నిటికంటె ముఖ్యమైనది. జిల్లాలోని ఇతర కళాశాలలతో కలసి కలెక్టరు గారికి, శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు ఒక విన్నపం సమర్పించవలెను. విమానాశ్రయపు ప్రణాళికలోనే ఫ్లయింగ్ క్లబ్బుకు, మెకానిక్ పాఠశాలకు భూమి గుర్తించి ఉంచవలెనని, దాని నిర్వహణ సంఘంలో పురపాలక సంఘానికి, జిల్లా పరిషత్తుకు స్థానం ఇవ్వవలెనని, భూమి కోల్పోయిన కుటుంబాలకు, దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గాల బీదవిద్యార్థులకు ప్రభుత్వ ఖర్చుతో సీట్లు కేటాయించవలెనని అందులో కోరవలెను. మనకొరకు మాత్రమే అడిగే విన్నపం బలహీనమైనది. గోండు బిడ్డకు, నేతకార్మికుని బిడ్డకు, గనికార్మికుని బిడ్డకు కూడా కలిపి అడిగే విన్నపాన్ని త్రోసివేయడం ఎవరికైనా కష్టం.

బేగంపేట బడితో మొదలైనది గనుక నిలిచినది. బసంత్‌నగర్ ఒక కర్మాగారపు అవసరంతో మొదలై ఆ అవసరంతోనే ముగిసినది. రాబోయే విమానాశ్రయం ఈ రెండింటిలో దేని దారి పడుతుందో ఇప్పుడు గీస్తున్న పటంలో ఉన్నది. ఆ పటంలో ఒక మూల పది ఎకరాల బడి గీయించగలిగితే, జగిత్యాల తల్లి విమానపు చప్పుడు విన్నప్పుడు కొడుకు ఎన్నాళ్ళకు తిరిగివస్తాడో అని లెక్కపెట్టుకొనే కాలం పోయి, ఆ విమానాన్ని నడుపుతున్నది తన కూతురేమోనని తలయెత్తి చూచే కాలం వస్తుంది. అందుకు కావలసిన విన్నపం మీద మొదటి సంతకం మన కళాశాలది కావలెనని మేము కోరుకొంటున్నాము.